పరాయి గడ్డ మీద అరెస్టయితే...

చదువుకనో, ఉద్యోగానికనో వెళ్లిన కొడుకో కూతురో అక్కడ అరెస్టయితే ఇక్కడున్న తల్లిదండ్రులు ఏం చేయాలి? ఎవరికి ఫోన్ చేయాలి? ఏం మాట్లాడాలి... ఏం మాట్లాడకూడదు? వరంగల్‌లో కూర్చుని చేయగలిగింది ఏమీ లేదనుకుంటారు చాలామంది. నిజానికి చేయాల్సింది చాలానే ఉంది. అదీ మొదటి రెండు మూడు రోజుల్లోనే!

రాత్రి పదకొండు దాటింది. హన్మకొండలోని ఓ ఇంట్లో ఫోన్ మోగిందనుకుందాం. అవతల అమెరికా నుంచి ఓ కుర్రాడి గొంతు.

'అంకుల్, నేను మీవాడి రూమ్మేట్ని. మీరు కంగారుపడకండి. పొద్దున వాణ్ని పోలీసులు తీసుకెళ్లారు. ఎందుకో తెలీదు.'

'ఏ పోలీసులు బిడ్డా? ఎక్కడికి తీసుకపోయిన్రు?'

అవతలి నుంచి జవాబు లేదు. ఆ కుర్రాడికీ తెలియదు. తండ్రి చేతిలో ఫోన్ వణుకుతుంది. తల్లి ఏడుపు మొదలవుతుంది. కాసేపటికి పక్కింటివాళ్లు వస్తారు, బాబాయి వస్తాడు. తెలిసిన లీడర్ల పేర్లు ఒక్కొక్కటీ బయటికొస్తాయి.

ఆ కంగారులో ఎవరూ పట్టించుకోని విషయం ఒకటుంది. ఆ తండ్రి నోటి నుంచి వచ్చిన మొదటి ప్రశ్నే సరైన ప్రశ్న. 'ఏ పోలీసులు?' దానికి జవాబు దొరికితే సగం దారి దొరికినట్టే.

ఆ రోజు ఏం జరిగింది?

2019 జనవరి చివర్లో ఇలాంటి ఫోన్లు తెలుగు రాష్ట్రాల్లోని ఎన్నో ఇళ్లకు వచ్చాయి. మిషిగన్ రాష్ట్రంలో 'యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్' అని ఒకటుండేది. దానికి వెబ్‌సైటు ఉంది, ఆఫీసు ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థల జాబితాలో పేరు కూడా ఉంది. లేనివి రెండే... పాఠాలు, పంతుళ్లు. దాన్ని నడిపింది అమెరికా అంతర్గత భద్రతా విభాగానికి చెందిన రహస్య ఏజెంట్లు. వీసా నిబంధనలు తప్పుతున్నవాళ్లనీ, వాళ్లను చేర్పిస్తున్న దళారులనీ పట్టుకోడానికి వేసిన వల అది. దాదాపు 600 మంది అందులో చేరారు. తొలి విడతలో 130 మంది విద్యార్థుల్ని అదుపులోకి తీసుకుంటే అందులో 129 మంది భారతీయులే. వారిలో తెలుగువాళ్లే ఎక్కువ. ఆ ఏడాది చివరికి అలా పట్టుబడినవాళ్ల సంఖ్య సుమారు 250కి చేరింది.

అప్పుడు చాలా కుటుంబాలకు అర్థంకాని సంగతి ఒకటుంది. ఒకే రోజు, ఒకే వ్యవహారంలో పట్టుబడినా అందరి మీదా ఒకే రకం కేసు లేదు. విద్యార్థుల్ని చేర్పించారన్న ఎనిమిది మంది మీద క్రిమినల్ కేసు పెట్టారు. వాళ్లు నేరం ఒప్పుకొన్నారు, శిక్షలు పడ్డాయి. విద్యార్థుల్ని పట్టుకున్నది మాత్రం వలస చట్టం కింద. అది క్రిమినల్ కేసు కాదు, సివిల్ వ్యవహారం. సంకెళ్లు రెంటికీ ఒకేలా ఉంటాయి. కోర్టులు వేరు, హక్కులు వేరు, లాయర్లు వేరు.

అంతకుముందు 2011లోనూ ఇంతే. కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగినప్పుడు చిక్కుకున్న విద్యార్థుల్లో అత్యధికులు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాళ్లు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తగిలించారు. పశువులకు కట్టినట్టు మా పిల్లలకు కడతారా అని దేశమంతా మండిపడింది. మన ప్రభుత్వమూ గట్టిగానే నిరసన తెలిపింది. ఆ యూనివర్సిటీ యజమానురాలికి 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. కానీ ఆ ఫొటోల్లోని పిల్లల్ని కాపాడింది నినాదాలు కాదు. ఎవరి కేసు వాళ్లదిగా తీసుకుని కాగితం కాగితం చూసిన లాయర్లు.

రెండు దారులు

అందుకే మొట్టమొదట తేల్చుకోవాల్సింది... పట్టుకెళ్లింది స్థానిక పోలీసులా, 'ఐస్' అని పిలిచే వలస అమలు విభాగమా?

స్థానిక పోలీసులైతే అది క్రిమినల్ దారి. దుకాణంలో వస్తువు తీశాడనో, తాగి బండి నడిపాడనో, ఇంట్లో గొడవ జరిగి ఎవరో 911కి ఫోన్ చేశారనో అరెస్టు చేస్తారు. మనిషి కౌంటీ జైల్లో ఉంటాడు. వారంటు లేకుండా అరెస్టు చేస్తే దానికి తగిన కారణం ఉందో లేదో సాధారణంగా 48 గంటల్లోపు జడ్జి తేల్చాలి. మన దగ్గర 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్న నియమం ఎలాంటిదో అదీ అలాంటిదే. లాయరును పెట్టుకునే స్థోమత లేకపోతే, జైలుశిక్ష పడే అవకాశమున్న కేసుల్లో కోర్టే ఉచితంగా లాయరునిస్తుంది. 'పబ్లిక్ డిఫెండర్' అంటారు. 1963 నాటి గిడియన్ కేసు తీర్పు పుణ్యం అది. ఆ లాయరు కోసం పౌరసత్వం అక్కర్లేదు.

ఐస్ వాళ్లయితే అది వలస దారి. అక్కడ తేల్చేది నేరం చేశాడా లేదా అని కాదు... ఆ దేశంలో ఉండనివ్వాలా, తిప్పి పంపాలా అని. అది సివిల్ వ్యవహారం కాబట్టి ప్రభుత్వ ఖర్చుతో లాయరు రాడు. లాయరును పెట్టుకునే హక్కు ఉంది, ఖర్చు మాత్రం మనదే. ఉచితంగా వాదించే సంస్థల జాబితా ఒకటి వలస కోర్టులో ఇస్తారు. అడిగి తీసుకోవాలి.

ఈ రెండు దారులూ ఒక్కోసారి కలుస్తాయి. చిన్న కేసులో కౌంటీ జైలుకు వెళ్లినవాణ్ని 'మాకు అప్పగించేదాకా ఉంచండి' అని ఐస్ కోరవచ్చు. దాన్ని 'డిటైనర్' అంటారు. ఇక్కడివాళ్లు ఆదరాబాదరాగా బెయిలు డబ్బు పంపిస్తే, ఆ గుమ్మం దాటగానే ఐస్ చేతిలో పడే ప్రమాదం ఉంది. అందుకే బెయిలు కట్టేముందు 'డిటైనర్ ఉందా?' అని లాయరుతో అడిగించడం తప్పనిసరి.

'ఎఫ్ఎన్‌యూ' తిప్పలు

సరే, మనిషి ఎక్కడున్నాడు? కౌంటీ జైలైతే ఆ కౌంటీ షరీఫ్ వెబ్‌సైట్లో ఖైదీల వివరాలు చాలాచోట్ల కనిపిస్తాయి. ఐస్ అదుపులో ఉంటే ఆ విభాగం వెబ్‌సైట్లోనే వెతికే సదుపాయం ఉంది. 'ఏ' అక్షరంతో మొదలయ్యే 8 లేదా 9 అంకెల నంబరు ఒకటి ఇస్తారు. ఆ నంబరు, పుట్టిన దేశం కొడితే ఏ నిర్బంధ కేంద్రంలో ఉన్నాడో తెలుస్తుంది. నంబరు తెలియకపోతే పేరుతో వెతకాలి.

తెలుగువాళ్లకు ఇక్కడే చిక్కు. ఇంటిపేరు ముందా, వెనకా? 'శ్రీనివాస్'లో ఎస్ఆర్ఐ ఉందా, ఎస్‌హెచ్ఆర్ఐ ఉందా? పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవారి అసలు పేరును అమెరికా వీసాలో ఇంటిపేరు చోట వేసి, పేరు చోట 'ఎఫ్ఎన్‌యూ' అని రాస్తారు. 'మొదటి పేరు తెలియదు' అని దానర్థం. అక్షరం తేడా వచ్చినా కంప్యూటరు 'అలాంటివారెవరూ లేరు' అంటుంది. తల్లిదండ్రుల గుండె ఆగినంత పనవుతుంది. కాబట్టి వీసా మీద ఎలా ఉందో అలాగే కొట్టాలి. వీసా కాపీ ఇంట్లో ఉంటేనే అది సాధ్యం.

నోరు, కలం

అరెస్టయినవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి రెండే. నోటితో జాగ్రత్త, కలంతో జాగ్రత్త.

మౌనంగా ఉండే హక్కు అమెరికా పౌరులకే కాదు, ఆ గడ్డ మీదున్న ప్రతి మనిషికీ ఉంది. వాళ్ల రాజ్యాంగ సవరణలో వాడిన మాట 'పౌరుడు' కాదు, 'వ్యక్తి'. మన రాజ్యాంగంలోని 21వ అధికరణం కూడా 'వ్యక్తి' అనే అంటుంది. ఆ ఒక్క మాట విలువ అరెస్టయినప్పుడే తెలుస్తుంది. పేరు చెప్పొచ్చు. పద్దెనిమిదేళ్లు దాటిన విదేశీయులు తమ వలస పత్రాలు వెంట ఉంచుకోవాలన్నది అక్కడి చట్టం కాబట్టి అవి చూపించాలి. ఆపై ప్రశ్నలకు 'లాయరుతో మాట్లాడాకే జవాబిస్తాను' అంటే చాలు. అది ఎదురుచెప్పడం కాదు. కానీ మౌనం వేరు, అబద్ధం వేరు. లేని ఉద్యోగం ఉందనడం, దొంగ కాగితం చూపించడం మరో కొత్త నేరమవుతుంది. మన పిల్లలకు చిన్నప్పట్నుంచీ పెద్దవాళ్లు అడిగితే జవాబు చెప్పాలని నేర్పిస్తాం. పోలీసుల దగ్గర ఆ మర్యాదే ఒక్కోసారి కొంప ముంచుతుంది.

రెండోది కలం. నిర్బంధ కేంద్రంలో కొన్ని కాగితాలు ముందు పెడతారు. 'సంతకం చేస్తే త్వరగా ఇంటికెళ్లిపోవచ్చు' అంటారు. నిజమే, వెళ్లిపోవచ్చు. కానీ ఏ కాగితం మీద పెట్టిన సంతకం అన్నదాన్నిబట్టి మళ్లీ రావచ్చా లేదా తేలుతుంది. జడ్జి ముందు వాదించుకునే హక్కు వదులుకుంటున్నానన్న కాగితం ఉంటుంది. తిప్పి పంపే ఉత్తర్వుకు ఒప్పుకుంటున్నానన్న కాగితం ఉంటుంది. అలాంటి ఉత్తర్వు పడితే సాధారణంగా పదేళ్లదాకా తిరిగి అడుగుపెట్టనివ్వరు. అదే జడ్జి అనుమతితో సొంతంగా వెళ్లిపోతే ఆ మచ్చ పడదు. దాన్ని 'వాలంటరీ డిపార్చర్' అంటారు. ఫార్మింగ్టన్ వ్యవహారంలో పట్టుబడినవారిలో దాదాపు 80 శాతం మంది అలాగే స్వచ్ఛందంగా వెళ్లిపోయారని అక్కడి అధికారులే చెప్పారు. మిగిలినవాళ్లలో కొందరు కోర్టులో పోరాడారు. రెంటిలో ఏది మేలన్నది ఒక్కొక్కరి కేసును బట్టి ఉంటుంది. అది తేల్చాల్సింది లాయరు. గదిలో పక్కన కూర్చున్న మరో ఖైదీ కాదు.

వీసా మీద సక్రమంగా వెళ్లి, తర్వాత హోదా పోగొట్టుకున్నవారికి మామూలుగా బాండు అడిగే హక్కుంటుంది. వలస కేసులో బాండు 1,500 డాలర్లకు తగ్గదు. ఎక్కువ ఎంతైనా కావచ్చు. ఇక్కణ్నుంచి నేరుగా కట్టడం కుదరదు. అక్కడి పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్న మనిషో ముందుకు రావాలి. విడుదలయ్యాక కోర్టు తేదీ ఒక్కటి తప్పినా, మనిషి లేకుండానే తిప్పి పంపే ఉత్తర్వు ఇచ్చేయొచ్చు.

నలభై ఏళ్లు... ఒక్క తప్పుడు సలహా

హోసే పాడిల్లా హోండురస్‌లో పుట్టాడు. గ్రీన్‌కార్డుతో అమెరికాలో నలభై ఏళ్లకు పైగా బతికాడు. వియత్నాం యుద్ధకాలంలో ఆ దేశ సైన్యంలో పనిచేశాడు. తర్వాత ట్రక్కు నడిపేవాడు. ట్రక్కులో గంజాయి దొరికింది. నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందన్నారు. 'మరి నన్ను దేశం నుంచి పంపేస్తారా?' అని లాయరును అడిగాడు. 'ఇన్నేళ్లుగా ఉన్నావు, భయం లేదు' అన్నాడట లాయరు. పాడిల్లా ఒప్పుకున్నాడు. తీరా చూస్తే ఆ నేరానికి డిపోర్టేషన్ దాదాపు ఖాయం.

కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. నేరం ఒప్పుకునే ముందు, దానివల్ల దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందో లేదో చెప్పడం డిఫెన్స్ లాయరు బాధ్యత అని 2010 మార్చి 31న తీర్పు వచ్చింది. ఇవాళ అమెరికాలో అరెస్టయిన ప్రతి తెలుగు విద్యార్థీ తన లాయరును గట్టిగా అడగగలిగే ప్రశ్నకు బలం ఆ తీర్పే. 'నేను ఇది ఒప్పుకుంటే నా వీసా ఏమవుతుంది?'

ఇది ఎందుకింత ముఖ్యమంటే... చిన్న కేసుల్లోనే ఎక్కువమంది దెబ్బతింటారు. సూపర్‌బజారులో బిల్లు చేయకుండా సామాను తెచ్చుకున్నాడనుకుందాం. 'ఒప్పుకో, చిన్న జరిమానాతో పోతుంది' అంటారు. అమెరికా పౌరుడికైతే అది నిజమే కావచ్చు. విదేశీయుడికి దొంగతనం 'నైతిక పతనం' కిందికి వచ్చే నేరం. దేశంలోకి వచ్చిన ఐదేళ్లలోపు చేసిన నేరమై, దానికి ఏడాది శిక్ష వేసే వీలుంటే డిపోర్టేషన్ దాకా వెళ్లొచ్చు. కొన్నాళ్లు బుద్ధిగా ఉంటే కేసు కొట్టేస్తామని కోర్టు చెప్పినా, నేరం ఒప్పుకుని ఉంటే వలస చట్టం దాన్ని శిక్షగానే లెక్కేయొచ్చు. ఇంట్లో చేయి చేసుకున్న కేసులు ఇంకా ప్రమాదం. తాగి నడిపిన కేసైతే, తీర్పు రాకముందే అరెస్టు ఆధారంగా వీసా రద్దు చేసే పద్ధతి 2015 నుంచీ ఉంది.

2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డుల్ని అక్కడి ప్రభుత్వం రద్దు చేసింది. వాళ్లలో కొందరివి పాత ట్రాఫిక్ కేసులు, కొందరివి ఎప్పుడో కొట్టేసిన కేసులు. విద్యార్థులు కోర్టులకెక్కారు. పలుచోట్ల జడ్జీలు అడ్డుకున్నారు. చివరికి ఏప్రిల్ 25న ఆ రికార్డుల్ని పునరుద్ధరిస్తామని ప్రభుత్వమే కోర్టులో చెప్పింది. అదే ఏడాది జులైలో, దొంగతనం, దాడి లాంటి కేసుల్లో ఇరుక్కుంటే వీసా పోతుందని మన దేశంలోని అమెరికా ఎంబసీ హెచ్చరించింది. ఈ రెండు సంగతులూ కలిపి చూస్తే అర్థమయ్యేది ఒకటే. చిన్న కేసంటూ ఏదీ లేదు. అలాగని పోరాడకుండా చేతులెత్తేయాల్సిన కేసులూ అంతగా లేవు.

కాబట్టి పెట్టుకునే లాయరుకు క్రిమినల్ చట్టమూ వలస చట్టమూ రెండూ తెలియాలి. లేదంటే ఇద్దరు లాయర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. అతనికి నిజంగా లైసెన్సు ఉందో లేదో ఆ రాష్ట్ర బార్ వెబ్‌సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు. ఇంకో మాట. ఫీజు తండ్రి కట్టినా లాయరుకు క్లయింటు కొడుకే. 'డబ్బు నాది, నాకెందుకు చెప్పరు?' అని కోప్పడితే లాభం లేదు. వాళ్లిద్దరి మధ్య మాటలు రహస్యంగా ఉండటమే ఆ కొడుక్కి రక్ష.

మన కాన్సులేట్ ఏం చేస్తుంది?

విదేశంలో ఎవరు అరెస్టయినా తమ దేశ కాన్సులేట్‌కు కబురు పెట్టమని అడగొచ్చు. ఆ హక్కు ఉందని ఆలస్యం లేకుండా వాళ్లకు చెప్పాలి. కాన్సులేట్ అధికారి వచ్చి కలవొచ్చు, లాయరును ఏర్పాటు చేయడంలో సాయపడొచ్చు. 1963 నాటి వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణం ఇది. పాకిస్తాన్‌లో ఉన్న కుల్‌భూషణ్ జాదవ్ కేసులో 2019 జులై 17న అంతర్జాతీయ న్యాయస్థానంలో మన దేశం గెలిచింది ఈ అధికరణం బలంతోనే.

అయితే ఒక మెలిక ఉంది. కొన్ని దేశాల వాళ్లు అరెస్టయితే అడిగినా అడక్కపోయినా అమెరికా ఆ దేశానికి కబురు చేయాలి. ఆ జాబితాలో భారత్ లేదు. అంటే మనవాడు నోరు తెరిచి 'మా కాన్సులేట్‌కు చెప్పండి' అనాలి. సిగ్గుపడో, ఊళ్లో తెలుస్తుందని భయపడో చాలామంది వద్దంటారు. ఆ తర్వాత కుటుంబం ఎన్ని ఫోన్లు చేసినా, ఖైదీ అనుమతి లేనిదే వివరాలు ఇవ్వలేమని అక్కడివాళ్లు చెప్పే అవకాశం ఉంది. అందుకే జైలు నుంచి వచ్చే తొలి ఫోన్లో చెప్పాల్సిన తొలి మాట... 'కాన్సులేట్‌కు చెప్పమని అడుగు బిడ్డా.'

కాన్సులేట్ చేయలేనివీ తెలుసుకోవాలి. అది లాయరు కాదు, బెయిలివ్వలేదు, కోర్టును 'మావాణ్ని వదిలేయండి' అని ఆజ్ఞాపించలేదు. ఫార్మింగ్టన్ అప్పుడు మన ఎంబసీ రాత్రింబవళ్లు పనిచేసే హెల్ప్‌లైన్ పెట్టింది. ఢిల్లీలోని అమెరికా ఎంబసీకి మన ప్రభుత్వం నిరసన పత్రం ఇచ్చింది. అధికారులు నిర్బంధ కేంద్రాలకు వెళ్లి విద్యార్థుల్ని కలిశారు. తెలుగు సంఘాలు లాయర్లతో మాట్లాడించాయి. ఇవన్నీ ఆసరాలు. కేసు నడిపింది మాత్రం కోర్టులోనే.

ఇంటి నుంచే చేయాల్సిన పనులు

విదేశాంగ శాఖ 2015లో మొదలుపెట్టిన 'మదద్' వెబ్‌సైట్లో వరంగల్ నుంచే ఫిర్యాదు నమోదు చేయొచ్చు. దానికో నంబరు వస్తుంది. ఏ అధికారి దగ్గర ఉందో చూసుకోవచ్చు. హైదరాబాద్‌లో రాష్ట్ర ప్రభుత్వ ఎన్నారై విభాగం ఉంది. ప్రవాసుల కుటుంబాల కోసం 2024లో ప్రజాభవన్‌లో 'ప్రవాసీ ప్రజావాణి' మొదలైంది. ఎక్కడ ఏ కాగితం కావాలో తెలియనప్పుడు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగొచ్చు. ఆ సేవల ఉచిత ఫోన్ నంబరు 15100. అమెరికా కోర్టులో వాళ్లు వాదించలేరు గానీ అఫిడవిట్లు, ధ్రువపత్రాల విషయంలో దారి చూపగలరు.

జైలు ఫోన్ల గురించి ఒక హెచ్చరిక. అవి రికార్డవుతాయి. తల్లి మనసు ఆగక 'నిజంగా నువ్వు ఆ పని చేశావా నాన్నా?' అని అడుగుతుంది. వాడు ఏడుస్తూ ఏదో చెబుతాడు. తెలుగులో మాట్లాడాం కదా అనుకోవద్దు, అనువదించేవాళ్లు దొరుకుతారు. 'అన్నం తిన్నావా, మందులు ఇస్తున్నారా, లాయరు కలిశాడా' వరకే మాట్లాడాలి. కేసు గురించి లాయరుతో మాత్రమే. షుగరు, ఫిట్స్, ఆస్తమా లాంటివి ఉంటే డాక్టరు చీటీ స్కాన్ చేసి వెంటనే లాయరుకూ కాన్సులేట్‌కూ పంపాలి. జైల్లో మందు అందడానికి అదే ఆధారం.

ఇక అసలుకే మోసపోకుండా చూసుకోవడం. 'మీ అబ్బాయి అరెస్టయ్యాడు, వెంటనే డబ్బు పంపితే వదిలేస్తాం' అంటూ పోలీసు డ్రెస్సులో వీడియో కాల్ చేసేవాళ్లు కొన్నేళ్లుగా ఎక్కువయ్యారు. ఏ దేశ పోలీసులూ ఫోన్లో డబ్బు తీసుకుని వదిలిపెట్టరు. ముందు పిల్లవాడి నంబరుకు ఫోన్ చేయాలి. తర్వాత రూమ్మేట్‌కు, ఆపై కాలేజీలోని విదేశీ విద్యార్థుల కార్యాలయానికి. మోసమని తేలితే సైబర్ నేరాల నంబరు 1930కి ఫిర్యాదు చేయాలి.

గల్ఫ్‌లో దారి వేరు

అరెస్టుల కథ అమెరికాతో ఆగదు. విదేశీ జైళ్లలో పదివేల మందికి పైగా భారతీయులున్నారని 2025 మార్చిలో కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. సౌదీ, యూఏఈ... ఈ రెండు దేశాల్లోనే ఐదు వేలకు పైగా. మన పక్క జిల్లాల నుంచి వెళ్లినవాళ్లకు అక్కడ మొదటి శత్రువు భాష. అరబ్బీలో రాసిన వాంగ్మూలం మీద ఏముందో తెలియకుండా వేలిముద్ర వేస్తే, తర్వాత కోర్టులో దాన్ని తప్పని నిరూపించడం చాలా కష్టం. 'నాకు తెలుగు దుబాసీ కావాలి' అన్న ఒక్క మాట అక్కడ లాయరంత విలువైనది.

దుబాయిలో ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో సిరిసిల్ల ప్రాంతానికి చెందిన ఐదుగురు 2005లో జైలుకెళ్లారు. మృతుడి కుటుంబానికి పరిహారమిచ్చి, క్షమాపత్రం తీసుకున్నారు. అక్కడి చట్టంలో దానికి విలువుంది. అయినా వాళ్లు బయటపడి ఇల్లు చేరేసరికి 2024 ఫిబ్రవరి వచ్చింది. దాదాపు 18 ఏళ్లు! వెళ్లేటప్పుడు చంటిపిల్లలుగా ఉన్నవాళ్లు పెద్దవాళ్లయ్యారు.

పేద కార్మికులకు లాయరు ఖర్చుల్లో సాయానికి మన ఎంబసీల దగ్గర 2009 నుంచీ సంక్షేమ నిధి ఒకటుంది. ఒప్పందం ఉన్న దేశాల్లో శిక్ష పడితే, మిగిలిన శిక్షను మన దేశంలో అనుభవించేలా తెచ్చుకునే వీలు 2003 నాటి చట్టం కల్పిస్తోంది. రెండూ అడిగితేనే వస్తాయి.

వెళ్లేముందే ఇంట్లో దాచుకోండి

* పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా, ఐ-20, ఐ-94 కాపీలు. కాగితం రూపంలో ఒకటి, ఫోన్లో ఒకటి.
* అక్కడి ఇంటి చిరునామా, రూమ్మేట్లిద్దరి నంబర్లు, కాలేజీలో విదేశీ విద్యార్థుల అధికారి నంబరు.
* ఆ రాష్ట్రం ఏ భారత కాన్సులేట్ పరిధిలోకి వస్తుందో, దాని అత్యవసర నంబరు.
* వాడే మందుల చీటీ.
* పిల్లలు కంఠతా పట్టాల్సిన ఫోన్ నంబరు ఒక్కటైనా. సెల్‌ఫోన్ లాక్కున్నాక గుర్తున్న నంబరే దిక్కు.

ఫార్మింగ్టన్ కథ అరెస్టులతో ఆగిపోలేదు. పాఠాలు చెబుతామని ఫీజు తీసుకుని చెప్పలేదు, ఒప్పందం తప్పారంటూ ఓ విద్యార్థి ఏకంగా అమెరికా ప్రభుత్వం మీదే దావా వేశాడు. కింది కోర్టు కొట్టేసింది. 2024 జూన్‌లో అప్పీలు కోర్టు దాన్ని తిరగదోడి, కేసు విచారించాల్సిందేనంది. ఆ దేశ పౌరుడు కానివాడు ఆ దేశం కోర్టులోనే ఆ దేశాన్ని నిలదీయగలిగాడు. హక్కు ఉందని తెలిస్తేనే, అడిగితేనే అది సాధ్యమైంది.

శంషాబాద్ విమానాశ్రయానికి బయల్దేరే ముందు మన ఇళ్లలో సూట్‌కేసును ఎన్నిసార్లు తూకం వేస్తామో! ఆవకాయ సీసా కారకుండా మూడు కవర్లు చుడతాం. ఆ చేత్తోనే మరో పని చేయాలి. పిల్లవాణ్ని ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మూడు మాటలు చెప్పాలి. ఎవరైనా పట్టుకుంటే అబద్ధం చెప్పకు. చదవకుండా సంతకం పెట్టకు. లాయరునూ కాన్సులేట్‌నూ అడగడానికి సిగ్గుపడకు.

ఆ రాత్రి హన్మకొండ ఇంట్లో ఫోన్ రాకూడదనే అందరి కోరిక. వస్తే మాత్రం, 'ఏ పోలీసులు?' అన్న తండ్రి ప్రశ్నకు జవాబు ఎక్కడ వెతకాలో ఆ ఇంటికి తెలిసుండాలి.